రామానుజన్ పేరుతో తిరిగే ఆ ఫార్వర్డ్

రామానుజన్ పుట్టినరోజు డిసెంబర్ 22 వచ్చిందంటే నా ఫోన్‌లో ఇదే మెసేజ్. ఈసారి మా స్కూల్ గ్రూపులోనే నలుగురు పెట్టారు. "రామానుజన్ ఏమీ చదువుకోలేదు. నామగిరి అమ్మవారు కలలో సూత్రాలు చెప్పేది. నిరూపణలతో ఆయనకు పనే లేదు. 1729 గొప్పతనం క్షణంలో చెప్పేశారు. లెక్కలు పుట్టుకతో రావాలి, రానివాళ్లకు ఎంత చెప్పినా రావు."

చదువుకోలేదా? ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్ లాంటిది) పరీక్ష తప్పారు, అంతే. కుంభకోణంలో కుర్రాడిగా ఉన్నప్పుడు వేల ఫలితాలున్న ఒక గణిత సంకలనం చేతికొస్తే, వాటిని తనంతట తనే సాధించుకుంటూ పోయారు. కాగితం కొనలేక పలక మీద చేసి, మోచేత్తో చెరిపి, ఫలితం మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవారు. 1729 కూడా అంతే. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగే అతి చిన్న సంఖ్య అది. ఘనాల మీద ముందే చేసిన పని ఆ నోటుబుక్కుల్లోనే ఉంది.

అమ్మవారి మాటకు నేను అడ్డు చెప్పను. ఆ మాట ఆయనే అనేవారు. కానీ 1913లో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరాల్లో ప్రధాన సంఖ్యల లెక్క గురించి ఆయన చెప్పింది తప్పని తేలింది. నిరూపణ ఎందుకో అక్కడే తెలుస్తుంది.

నాకు ఒళ్లు మండేది ఆఖరి వాక్యానికి. అది చదివిన తల్లి ఆరో తరగతి పిల్లను పక్కన పెట్టుకునే "దీనికి లెక్కల బుర్ర లేదండీ" అంటుంది. ఆ పిల్ల వింటుంది, నమ్ముతుంది.

4ను కూడికగా ఎన్ని రకాలుగా రాయొచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5. (వరస మారితే కొత్త రకం కాదు; 3+1, 1+3 ఒకటే.) చింతగింజలిస్తే ఏ పిల్లయినా చేస్తుంది. 9కి 30 రకాలు, 14కి 135, 19కి 490. 100కి వచ్చేసరికి 19 కోట్లు దాటుతాయి. మక్‌మాన్ అనే ఆయన 200 వరకూ చేత్తో లెక్కగట్టి పట్టిక వేశాడు. రామానుజన్ ఆ పట్టిక చూసి, 4తో గానీ 9తో గానీ ముగిసే సంఖ్యలన్నిటికీ ఈ లెక్క 5తో నిశ్శేషంగా పోతోందని పట్టుకున్నారు. ఎంత దూరం వెళ్లినా అది తప్పదని ఆ తర్వాత నిరూపించారు. అన్నీ కలలోనే దొరికే మనిషికి పట్టికతో పనేమిటి? నిరూపించే శ్రమ ఎందుకు?

అందరూ రామానుజన్ అవుతారని నేననను. అంత చూపు పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆయన పట్టుకున్నది చూసి "అరె!" అనడానికి రామానుజన్ కానక్కర్లేదు.

ఆ మెసేజ్ మళ్లీ వస్తే పంపడం మానేసి, మీ పిల్లకు 5 చింతగింజలిచ్చి ఎన్ని రకాలో అడగండి. 7 వచ్చేదాకా మీరు చెప్పకండి.