మత్తడి దగ్గర డ్యూటీ చేస్తున్న దోమతెర గారికి

దోమతెర గారికి నమస్కారాలు.

మీ ఉద్యోగం మంచం మీద. నాలుగు మూలలా తాళ్లు కట్టించుకుని, ఫ్యాను గాలికి కొంచెం ఊగుతూ, లోపల పసిపిల్ల నిద్రపోతుంటే బయట దోమలను ఆపాలి. అంతవరకే మీ పని. కానీ ఊరి చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకిందన్న కబురు రాగానే మీరు ఇంట్లో కనబడటం లేదు. ఎక్కడున్నారా అని చూస్తే మత్తడి కింద మోకాలి లోతు నీళ్లలో, రెండు కట్టెల మధ్య, ఓ బావా బావమరిది చేతుల్లో చేపలు దేవుతూ తేలారు. బదిలీ అయిందా? డెప్యుటేషనా? ఆర్డరు ఎవరిచ్చారు?

నేను గాలం వేసేవాణ్ణి. నల్లగొండ జిల్లాలో చెరువు కట్టల మీద, డిండి నీళ్ల పక్కన, వానపాము గుచ్చి బెండు వంక చూస్తూ పొద్దు పుచ్చే జాతి మాది. పొద్దంతా కూర్చుంటే ఓ జెల్ల, రెండు పరకలు. మీరు ఒక్కసారి దేవితే సగం బకెట్టు. కుళ్లుతో రాస్తున్నానని మీరు అనుకోవచ్చు. కుళ్లు ఉంది, దాచను. కానీ ఆ బకెట్టులోకి మీరెప్పుడైనా తొంగి చూశారా?

నేను చూశాను. పైన నురగ. దాని కింద చిటికెన వేలంత రవ్వ పిల్లలు, బొచ్చ పిల్లలు, ఒకదాని మీద ఒకటి నోళ్లు తెరుచుకుని. నడుమ కొన్ని పరకలు. తోకకప్పలు. కాళ్లు కొట్టుకుంటున్న నీటి పురుగులు. అడుగున సన్న రొయ్య. పరకల సంగతి వేరు, అవి వేలెడంత ఉన్నప్పుడే పెద్దవి, వాటిని పులుసు పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. చిన్న చేపంటే పిల్ల చేపే కానక్కర్లేదు. కానీ పరక ఏది, బొచ్చ పిల్ల ఏది అని మీరు అడగరు కదా. మీ కన్ను రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులోంచి పోయేది నీళ్లొక్కటే.

సర్కారు 2016-17 నుంచి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. మామూలు చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. వదిలే రోజు కట్ట మీద షామియానా, నాయకులు, ప్లాస్టిక్ సంచి, ఫొటో. తర్వాత పెద్ద వాన పడి మత్తడి దుంకితే అవే పిల్లలు కొట్టుకొచ్చి మీ ఒడిలో పడతాయి. మళ్లీ ఫొటో. "నేటి వేట" అని స్టేటస్. పాపం, బతికిన నెల రోజుల్లో రెండుసార్లు ఫొటో దిగిన చేప ఇంకెక్కడైనా ఉంటుందా?

ఇక అక్కడ జరిగే వాదనలు మీరు దగ్గరుండి విన్నారు, నాకన్నా మీకే బాగా తెలుసు. మత్స్యకారుల సొసైటీ వాళ్లు అంటారు: "పిల్లలను పోసింది మేము, కాపలా ఉన్నది మేము, చేప మాది." కింద నిలబడ్డవాళ్లు అంటారు: "కట్ట లోపలున్నంత సేపు మీది. దుంకినంక గంగమ్మది." గంగమ్మ పేరు ఎత్తాక ఎవరు మాట్లాడతారు! మత్తడికి అడ్డంగా సొసైటీ కట్టిన జాలీ రాత్రికి రాత్రి ఎట్లా చినిగిందో కూడా గంగమ్మకే తెలియాలి.

ఎవరో ఒక పెద్దమనిషి ఆగి, "చిన్నయి ఇడిసిపెట్టొచ్చు గదరా" అంటాడు. దానికి జవాబు రెడీగా ఉంటుంది: "మనం ఇడిస్తే కిందోడు పడ్తడు." కిందోణ్ణి అడిగితే వాడు ఇంకా కిందికి చూపిస్తాడు. వాగు మూసీలో కలిసి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఈ నీతి ఒక్కచోట కూడా ఇంకకుండా పారుతూనే ఉంటుంది. మన దగ్గర నీళ్లకు లేని గ్యారంటీ దీనికుంది.

కొర్రమట్ట సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. అది మన రాష్ట్ర చేప. ఆ హోదా తెలంగాణ వచ్చాక ఇచ్చాం. గుడ్లు పెట్టాక మిగతా చేపల మాదిరి తన దారిన తాను పోదు. పిల్లలు నీటి మీద ఎర్రటి ముద్దలా తేలుతూ తిరుగుతుంటే, తల్లీ తండ్రీ కిందే ఉండి కాపలా కాస్తాయి. దగ్గరికి ఏది వచ్చినా మీదికి దూకుతాయి. ఈ కోపమే మా గాలపు వాళ్లకు పెట్టుబడి. ఆ ఎర్ర ముద్ద కనబడగానే గాలానికి కప్పను గుచ్చి సరిగ్గా నడుమ దించుతారు. ఆకలి లేకపోయినా అది కరుస్తుంది, పిల్లల కోసం. తర్వాత దాన్ని రెండు చేతులతో ఎత్తి ఫొటో. ఆ ఫొటో కింద ఒకాయన, "అన్నా, పిల్లలున్నట్టున్నయి గదా, పాపం" అన్నాడు. దానికి వచ్చిన జవాబు: "పిల్లల జోలికి పోలే తమ్మీ, పెద్దదాన్నే పట్టిన." ఎంత దయ! అడిగేవాళ్లు లేని పిల్లల ముద్దను మర్నాడు మీరు దేవుకున్నారు. కుటుంబమంతా ఒకే ఇంటికి చేరింది, ఫ్రీజర్‌లో.

సాగర్ నీళ్ల పక్కకు వేల రూపాయల రీళ్లతో వచ్చే సిటీ తమ్ముళ్లు మరో రకం. వాళ్లు పట్టి వదిలేస్తారు. మంచిదే. కానీ వదిలే ముందు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, చేతులు చాపి కెమెరాలోకి తోసి ఒకటి. అట్లా తోస్తేనే కదా కిలోన్నర బొచ్చ నాలుగు కిలోలయ్యేది. ఎండలో ఇన్ని ఫొటోలు దిగాక నీళ్లలో వదిలితే అది కడుపు పైకి పెట్టి తేలుతుంది. "రిలాక్స్ అయితుంది బ్రో" అంటారు.

ఇక అడవి జంతువులను కొట్టే వేటగాళ్లు మీ లాంటివాళ్ల మీద ఆధారపడరు. వాళ్లకు ఉచ్చులున్నాయి, కరెంటు తీగ ఉంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కుందేలు పట్టినా కేసే, అందుకే ఆ ఫొటోలు స్టేటస్‌లో కనబడవు. చేతి నుంచి చేతికి ఫోను మారి చూపిస్తారు. నల్లమల అంచు ఊళ్లలో వాళ్లు గొప్పగా చెప్పే మాట ఒకటుంది: "కడుపుతో ఉన్నదాన్ని మేం కొట్టం." చీకట్లో అడవి పంది కోసం చేను చుట్టూ తీగ లాగి, ఇంటికొచ్చి పడుకునేవాడు చెప్పే మాట ఇది. తీగకు కడుపు కనబడుతుందా? పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వచ్చిన రైతు కాలు కూడా దానికి కనబడదు.

మీ పెద్దక్కల సంగతీ తెలుసు. కృష్ణలో సోమశిల వైపు తిరిగే అలివి వలలు. నది అడుగు దాకా ఊడ్చి సన్న పిల్లను కూడా మిగల్చవని అక్కడి మత్స్యకారులు మొత్తుకుంటూనే ఉంటారు. అధికారులు అప్పుడప్పుడు పట్టుకుంటారు. మిమ్మల్ని మాత్రం ఎవరూ పట్టుకోరు. 1897 నాటి మత్స్య చట్టంలో తూటాలు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం నేరమని రాశారు, వలల కొలతల మీద నిబంధనలు పెట్టే అధికారమూ ఇచ్చారు. కానీ మీరు వల కాదు కదా. మీరు పరుపు సామాను. అంగడిలో దిండు గలేబుల పక్కన వేలాడే మిమ్మల్ని తెల్లదొర కూడా అనుమానించలేదు. ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు దగ్గర మీ చుట్టాలు ఇదే పనిలో ఉన్నారని పరిశోధకులు రాశారు. వాళ్లలో మందు పూసిన రకమూ ఉంది. ఆ పైరిథ్రాయిడ్ మందు దోమకు ఎంత చేటో చేపకూ అంతే చేటు.

ఇంకో తమాషా. చేప పిల్లలు దోమ లార్వాలను తింటాయి. అందుకే మున్సిపాలిటీలు కుంటల్లో గంబూసియా చేపలను తెచ్చి వదులుతాయి. మీరు పగలంతా దోమలను తినేవాళ్లను పట్టి, రాత్రికి దోమలను ఆపడానికి ఇంటికొస్తున్నారు. అదీ చేపల కంపుతో, నడుమ రెండు చిల్లులతో. జీతం ఏ ఖాతాలో పడుతోందో కొంచెం చూసుకోండి.

నేను చేప తినొద్దనే బాపతు కాదు. మృగశిర కార్తె నాడు మార్కెట్లో ధర ఎంతున్నా కొనేవాణ్ణే. కానీ కార్తె దాటితే వానలు, వానలతో పాటు చేపలు గుడ్లు పెట్టే కాలం. ఒక్క కార్తె పేరు చెప్పి మనవాళ్లు దసరా దాకా దేవుతారు. మీ బకెట్టులో పిడికెడంత వచ్చిన ఆ బొచ్చ పిల్లలు మంచి చెరువులో ఏడాది తిరిగితే ఒక్కొక్కటి కిలోకు దగ్గర పడతాయి. ఇప్పుడేమో పసుపూ కారం కలిపి నూనెలో వేస్తే, మిగిలేది నమిలినా తెలియని కరకర.

మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఆ బావా బావమరిది మిమ్మల్ని భుజాన వేసుకుని బయల్దేరితే, దారిలో సర్కారు తుమ్మ కొమ్మ దగ్గర కాస్త గట్టిగా ఇరుక్కోండి. రెండు వేళ్లు దూరేంత చిల్లులు పది పన్నెండు పడితే చాలు. అప్పుడు మీరు కూడా వలల లెక్కలోకి వస్తారు, సొసైటీ వాళ్లే సభ్యత్వం ఇస్తారేమో.

జవాబు రాయదలిస్తే పగలే పంపండి. సాయంత్రం ఆరు దాటితే మా ఇంట్లో తలుపులు తీయం, దోమలు.

ఇట్లు,
కట్ట మీద గాలపోడు