నత్తిని చెవితో మాత్రమే పట్టుకోలేం

పిల్లవాడి మాట తడబడితే మన ఇళ్లలో మొదట వినిపించే సలహా నాలుకకు వస రాయమని, తర్వాతది నాలుక కింద తీగ కోయించమని. రెండూ నేరాన్ని నోటి మీదే మోపుతాయి. కానీ నత్తికి మూలం నాలుకలో లేదు. మాటకు కావలసిన కదలికలను వేళ తప్పకుండా నడిపించే మెదడు వ్యవస్థల్లోని తేడా అది, అందులో వంశపారంపర్యం పాలు తక్కువేమీ కాదు.

రెండు నుంచి ఐదేళ్ల మధ్య తడబాటు చాలామంది పిల్లల్లో సహజమే. ‘నేను... నేను రేపు... నేను ఊరెళ్తా’ అనే పిల్లవాడు వాక్యాన్ని వెతుక్కుంటున్నాడు. ‘పా-పా-పా-పాలు’ అంటూ, లేదా ‘మ్‌మ్‌మ్‌మామయ్య’ అని సాగదీస్తూ, లేదా నోరు తెరిచి ఉన్నా శబ్దం రాక కళ్లు గట్టిగా మూసుకునే పిల్లవాడికి వాక్యం తెలుసు, బయటికి రావడం లేదు. సుమారు 5 శాతం పిల్లల్లో నత్తి మొదలైతే, పెద్దవారిలో మిగిలేది 1 శాతం మందికే. అందుకే ‘పెద్దయితే పోతుందిలే’ అన్న మాట ఎక్కువసార్లు నిజమవుతుంది, నిజమవుతుంది గనకనే మిగిలిన పిల్లలకు చేటు చేస్తుంది. ఇంట్లో మరొకరికి నత్తి ఉన్నా, మొదలై ఆరు నెలలు దాటినా, మాట్లాడటానికి పిల్లవాడు జంకుతున్నా ఇక ఎదురుచూడటం తగదు.

పెద్దవారిలో గుర్తించడం ఇంకా కష్టం, ఎందుకంటే అనుభవం వారికి దాచడం నేర్పుతుంది. అమీర్‌పేటలో బస్సెక్కిన ఒక యువకుడు దిగాల్సింది కూకట్‌పల్లిలో అనుకుందాం. ‘కూ’ దగ్గర గొంతు బిగుసుకుంటుందని తెలిసి జేఎన్‌టీయూకి టికెట్ అడిగి, అక్కడ దిగి వెనక్కి నడుస్తాడు. కండక్టరుకు ఏ తడబాటూ వినిపించలేదు. పేరుకు మాత్రం బదులు పదం దొరకదు కాబట్టి చాలామందికి అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ‘మీ పేరేంటి?’ అన్నదే.

దీనికి దాదాపు తిరగబడిన స్థితి మరొకటి ఉంది, దాన్ని ఇంగ్లిషులో క్లటరింగ్ అంటారు. ‘వెళ్లిపోయింది’ని ‘ఎల్పొంది’గా మింగేస్తూ పరుగులు పెట్టే మాటను మనం తొందరపాటు అని కొట్టిపారేస్తాం. నత్తి ఉన్నవారు తమ మాటను అతిగా గమనించుకుంటారు. ఇలా మాటలు మింగేసేవారికి తమ వేగం తరచూ తెలియనే తెలియదు, గమనించుకుంటే కాసేపైనా మాట కుదుటపడుతుంది. ఇక జీవితమంతా సాఫీగా మాట్లాడిన మనిషికి హఠాత్తుగా తడబాటు వస్తే అది పక్షవాతానికి సూచన కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాక్, భాషా వైకల్యాన్ని నిర్వచిస్తూ స్వరపేటిక తొలగింపును, మెదడు దెబ్బతిని భాష దెబ్బతినే అఫేసియాను ఉదాహరించింది, నత్తి పేరు ఎత్తలేదు. కాబట్టి గుర్తింపు భారం ఇంటి మీద, బడి మీద పడుతోంది. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ టీచర్’ అనకుండా రోజూ చెయ్యి మాత్రమే ఎత్తే పిల్లవాడిని టీచరు పొగరుబోతు అనుకోకుండా, ఓసారి విడిగా పిలిచి తీరిగ్గా మాట్లాడించి చూస్తే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాలో లేదో చాలావరకు తేలిపోతుంది.