ఎరుపు కింద ఏముంది?

కాలిఫోర్నియాలో కాపురముంటున్న మనవాళ్లకు, పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉన్న హెచ్చరిక కొత్తది కాదు. 1986లో ఓటర్లు ఆమోదించిన ప్రొపోజిషన్ 65 అనే రాష్ట్ర చట్టం ప్రకారం క్యాన్సర్‌కో, సంతానానికి హానికో కారణమవుతాయని గుర్తించిన దాదాపు 900 రసాయనాలకు ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఆ రసాయనం ఎంత ఉందో మాత్రం చెప్పనక్కరలేదు. కుర్చీ మీద, దీపం తీగ మీద, పార్కింగ్ గోడ మీద అదే మాట కనబడుతుంటే, మొదటి నెల భయపడిన మనిషి రెండో నెలకు దాన్ని చూడడమే మానేస్తాడు.

ఆదోని దగ్గర పత్తి రైతు ఇంట్లో పుట్టినవాణ్ని కనుక నాకు మరో గుర్తు జ్ఞాపకం వస్తుంది. 1971 నాటి నిబంధనలను అనుసరించి మన దేశంలో పురుగుమందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అత్యంత విషపూరితం, పసుపైతే అధిక విషం, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే స్వల్పం. ప్రమాదం ఉందని మాత్రమే కాక ఎంత ఉందో కూడా చెబుతుంది కనుక, నా దృష్టిలో కాలిఫోర్నియా పద్ధతి కంటే ఇదే మేలైనది.

అయితే ఆ రంగుల అర్థం రైతుకు చెప్పేవారెవరు? డబ్బా మీది సన్నని అక్షరాలు చదవలేనివారికి దుకాణదారు మాటే లేబుల్. పైగా మన భాషలో జబ్బు నయం చేసేదీ మందే, పురుగును చంపేదీ మందే (సారాయి సంగతి సరేసరి). ఆ పేరులోనే భయం సగం కరిగిపోతుంది. డబ్బా ఖాళీ అయ్యాక ఆ కాస్త గుర్తు కూడా పనికిరాదు. 2013 జూలైలో బీహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్టు పరీక్షల్లో తేలింది; ఆ నూనెను పాత పురుగుమందు డబ్బాలో పోసి ఉంటారని అధికారులు అనుమానించారు.

ఇక్కడి మన తెలుగు సంఘం సొంత ఊళ్లకు పంపే విరాళాల్లో కొంత, ఈ నాలుగు రంగులను వాటి తెలుగు అర్థాలతో పురుగుమందుల దుకాణాల గోడల మీద పెద్దగా రాయించడానికి కేటాయించాలని నా ప్రతిపాదన. కొత్త చట్టమేమీ అక్కరలేదు, సున్నమూ రంగులూ చాలు.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు, కొట్టంలో మిగిలిన డబ్బా పట్టుకొని మా నాయనకు ఆ రంగుల సంగతి వివరించాను. ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఎర్రది ఉంటే గట్టిగా పనిచేస్తుందనుకొని అదే అడిగి తెచ్చుకుంటా ఉంటిమి కదప్పా” అన్నాడు.