నాచు సంగతి కూడా చెప్పాల్సింది
మెక్సికోలోని కాంకున్‌లో భోజనంతో సహా అన్నీ కలిపి ముందే డబ్బు కట్టే రిసార్టులో దిగితే, ఏ నెలలో వెళ్లినా హాయే అని ఒక వ్యాసంలో రాశారు. రిసార్టు హాయి నిజమే కానీ, ఏ నెలైనా ఒకటే అంటే ఒప్పుకోను. మేము డాలస్ నుంచి పిల్లల వేసవి సెలవుల్లో వెళ్లాం. ఒడ్డు పొడవునా గోధుమరంగు సర్గాసమ్ నాచు గట్టులా పేరుకుని, కుళ్లిన కోడిగుడ్ల కంపు. పొద్దున్నే ట్రాక్టర్లతో ఎత్తించేవారు, మధ్యాహ్నానికి వ్యవహారం మళ్లీ మొదటికొచ్చేది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ కరీబియన్ తీరానికి ఈ బెడద ఎక్కువ. చలికాలంలో చాలావరకు తగ్గుతుంది. వేసవి తప్ప వీలుకాని వాళ్లు రిసార్టులోనే కూర్చోకుండా కాంకున్‌లోని ప్వెర్తో హువారెస్ రేవులో ఫెర్రీ ఎక్కండి, 20 నిమిషాల్లో ఇస్లా ముహేరెస్ దీవి వస్తుంది. అక్కడి ప్లాయా నోర్తే తీరం అలల పోటుకు చాటున ఉంటుంది కాబట్టి నాచు తక్కువ, నీళ్లు కూడా పిల్లలు నిశ్చింతగా ఆడుకునేంత నిలకడగా ఉన్నాయి. అన్నట్టు, శాకాహారులకు ఒక మాట: బఫేలో కనిపించే బీన్స్ గింజల ముద్దను చాలాచోట్ల పంది కొవ్వుతో వండుతారు, వడ్డించుకునే ముందే అడగండి.