సవరణ: 1969 షెవెల్ ఎస్ఎస్‌ను వీఐఎన్ పట్టించదు

పాత మజిల్ కారు (శక్తిమంతమైన ఇంజన్ ఉన్న అమెరికన్ కారు) కొనేముందు చూడాల్సినవి రాసిన పోస్టులో, వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) 138తో మొదలుకాకపోతే ఆ షెవర్లే షెవెల్ అసలైన ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ రకం) కాదన్నాను. తప్పు నాదే. ఆ లెక్క 1966-68 ఎస్ఎస్ 396లది. ఆనాటి షెవర్లే కోడ్ పట్టికల ప్రకారం 1969లో ఎస్ఎస్ కేవలం ఆప్షన్ ప్యాకేజీ; మామూలు మాలిబు (షెవెల్‌లోనే ఒక రకం) వీ8 కూపేకీ, దాని ఎస్ఎస్‌కీ నంబరు 13637తోనే మొదలవుతుంది.

కాబట్టి బిల్డ్ షీట్, అంటే ఫ్యాక్టరీలో ఆ కారుకు ఏయే ఆప్షన్లు బిగించాలో రాసిన కాగితం, వెతకండి. చాలాసార్లు పెట్రోల్ ట్యాంకు పైనో, వెనక సీటు స్ప్రింగుల్లోనో ఇరుక్కుని ఉంటుంది. ట్యాంకు దించేముందు అక్కడ నీళ్లు కొట్టారో, కాగితం ముద్దే! ఇంజన్ మీది వరుస సంఖ్య కుడి సిలిండర్ హెడ్ ముందున్న ప్యాడ్ మీదో, ఆయిల్ ఫిల్టర్ దగ్గరో ఉంటుంది. ఇంజన్ ఆ కారుదేనా అని తేలాలంటే దాన్ని డ్యాష్‌బోర్డు మీది వీఐఎన్ ప్లేటుతో పోల్చండి. ప్యాడ్ మీద ఫ్యాక్టరీ సన్నగీతలు పోయి నున్నగా ఉంటే, నంబరు చెరిపి మళ్లీ కొట్టారేమోనని అనుమానించాల్సిందే. గ్రిల్ మీది ఎస్ఎస్ బ్యాడ్జి సంగతి వదిలేయండి, కొత్తవి కావలసినన్ని అమ్ముతున్నారు.