ప్రశ్నకు తావులేని చోట సాధన ఎక్కడిది?

ఆధ్యాత్మిక సభల్లో ఎవరైనా కాస్త ఇబ్బందికరమైన సందేహం లేవనెత్తితే వెంటనే వినిపించే శ్లోకపాదం ఒకటుంది: ‘సంశయాత్మా వినశ్యతి’. సందేహించేవాడు నశిస్తాడని సాక్షాత్తూ గీతే చెప్పింది కాబట్టి ఇక కూర్చోమని దాని సారాంశం. బెంగళూరులో తెలుగువాళ్లు జరుపుకునే ప్రవచనాల్లో ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, దాని ముందువెనుకల ఏముందో చూసే ఓపిక కూడా ఎవరికీ లేదు. అది 4వ అధ్యాయంలో 40వ శ్లోకం. అంతకు ఆరు శ్లోకాల ముందే, జ్ఞానాన్ని నమస్కారంతో, ప్రశ్నతో, సేవతో తెలుసుకోమని కృష్ణుడు అంటాడు. మరో రెండు శ్లోకాల తర్వాత, సంశయాన్ని జ్ఞానమనే ఖడ్గంతో ఛేదించమంటాడు. మౌనంతో నొక్కిపెట్టమని ఎక్కడా అనలేదు. 6వ అధ్యాయంలో అర్జునుడు తన సంశయాన్ని పూర్తిగా తీర్చమని సూటిగా అడుగుతాడు, అది తీర్చగలవాడు నువ్వు తప్ప మరొకడు లేడంటాడు. కృష్ణుడు కసురుకోలేదు, జవాబు చెప్పాడు. అంతా చెప్పాక 18వ అధ్యాయంలో, దీన్ని పూర్తిగా విచారించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమని నిర్ణయాన్ని శిష్యుడికే వదిలేశాడు.

యుద్ధభూమిలో దొరికిన ఆ వెసులుబాటు ఏసీ హాలులో మనకెందుకు దొరకదు?

గురువుల మీద కేసులు, అరెస్టులు, బయటపడ్డ వీడియోల సంగతి పాఠకులకు తెలిసిందే. అమానుష దురాచారాలను, చేతబడిని అరికట్టడానికి కర్ణాటక 2017లో ఒక చట్టం చేసింది, 2020లో అది అమల్లోకి వచ్చింది. అది అవసరమే. కానీ చట్టం ఆపగలిగింది మోసగాడిని మాత్రమే. మోసం చేసే ఉద్దేశం ఏమీ లేని మంచి గురువు దగ్గర, మంచి శిష్యుడు కూడా ఏళ్ల తరబడి ఒక్క అడుగు ముందుకు పడకుండా నిలిచిపోవడం చూస్తున్నాను. నన్ను కలవరపెడుతున్నది అదే. అనుమానించడం మానేసిన చోట సాధన ఆగిపోతుందన్నది నా నమ్మకం.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. అన్నీ అనుమానించేవాడు ఏదీ పట్టుకోలేడు, ఈ ఏడాది ఒక ఆశ్రమం, వచ్చే ఏడాది మరొకటి అంటూ తిరుగుతూనే ఉంటాడంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆసరా కావాలిగాని తర్కం ఎందుకంటారు. రెండో మాటకు నేను తల వంచుతాను, ఆ తల్లి ముందు ఎవరూ వాదం పెట్టకూడదు. మొదటి మాటను మాత్రం ఒప్పుకోను. ఆశ్రమాలు మారేవాడు ఎక్కడా ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే జవాబు కోసమైనా ఒకచోట నిలబడేవాడు.

ప్రశ్న భక్తిని చంపుతుందని భయపడేవాళ్లను బెంగళూరులో బసవనగుడి పక్కనున్న గవిపురానికి రమ్మంటాను. గవి గంగాధరేశ్వరుడి గుహాలయంలో మకర సంక్రాంతి సాయంత్రం ఎండ నంది కొమ్ముల మధ్య నుంచి సాగి గర్భగుడిలోని లింగం మీద పడుతుంది. ఆ కాసేపటి కోసం జనం గంటల తరబడి నిలబడతారు. మామూలుగా చెప్పుకునేది, సూర్యుడు ఏడాదికొకసారి శివుణ్ణి అర్చించడానికి వస్తాడని. కాస్త ఖగోళం తెలిసినవాడు వేరే సంగతి చెబుతాడు. డిసెంబరు మూడో వారం దాటాక సూర్యుడు దక్షిణపు అంచు నుంచి వెనక్కి మళ్లుతాడు. సంక్రాంతికి ఆకాశంలో ఏ దారిన ఉంటాడో, ఆ మలుపుకు, అంటే అయనాంతానికి, అన్నే రోజులు ముందు కూడా దాదాపు అదే దారిన ఉంటాడు. అందుకే నవంబరు చివరి రోజుల్లోనూ ఆ ఎండ గర్భగుడిలోకి వస్తుంది. అప్పుడు అక్కడ జనసందోహం ఉండదు. 18వ శతాబ్దం చివర్లో డానియెల్‌లు అనే ఆంగ్ల చిత్రకారులు గీసిన బొమ్మలతో ఇప్పటి కట్టడాన్ని పోల్చి చూసిన పరిశోధకులు, ఒకప్పుడు ఇక్కడ ఇన్ని నిర్మాణాలు లేవని, అయనాంతపు రోజుల్లో వెలుగు లోపలికి వచ్చేదని తేల్చారు.

ఇదంతా తెలిశాక ఆ గుడిలో నా చేతులు ఇంకా గట్టిగా జోడించుకున్నాయి. కొండరాతి గుహను, ఆకాశాన్ని కలిపి చూసిన మనిషి ఒకడు ఇక్కడ నిలబడి లెక్కలు వేసి ఉంటాడు. ఎన్ని సాయంత్రాలు ఎండను గమనించి ఉంటాడో! అతని ఓర్పు కూడా ఒక ఉపాసనే. అడగకపోయి ఉంటే అతను నాకు ఎప్పటికీ కనిపించేవాడు కాదు.

ఈ నగరానికి ప్రశ్నించడం కొత్తేమీ కాదు. హిందూపురం పక్కనే ఉన్న గౌరీబిదనూరు తాలూకాలో పుట్టిన హెచ్.నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా ఉండగా 1976లో మహిమలను, మూఢనమ్మకాలను పరిశీలించడానికి ఒక సంఘం వేశారు. పరీక్షకు నిలవమంటూ సత్యసాయిబాబాకు మూడు లేఖలు రాశారు. ఆ పద్ధతి సరైంది కాదని బాబా పక్కన పెట్టేశారు. మరుసటి ఏడాది సంఘం కథ ముగిసింది. ఆ వివాదం అందరికీ గుర్తుంది. నరసింహయ్య జీవితం మాత్రం ఎంతమందికి గుర్తుంది? 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లి, అమెరికాలో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, పెళ్లి చేసుకోకుండా, ఖద్దరు కట్టి, నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలో జీవితం గడిపిన మనిషి. మనం సాధువుల్లో వెతికే నిరాడంబరత ఈ సంశయవాదిలో నిండుగా ఉంది.

అయినా ఆయన ప్రశ్న ఎదుటివాళ్లను ఉద్దేశించినది. సాధకుడికి అంతకన్నా కష్టమైన పని ఉంది: తన అనుభవాన్నే నిలదీయడం. గురువును అనుమానించడానికి కాస్త ధైర్యం చాలు. నిన్న ధ్యానంలో నాకు కనిపించిన వెలుగు నిజంగా ఏమిటని అడగడానికి మమకారం వదలాలి.

వారాంతపు శిబిరాల సంగతి చూడండి. కళ్లు మూసుకుని చాలాసేపు వేగంగా, బలంగా ఊపిరి తీసి వదలమంటారు. కొంతసేపటికి వేళ్లు జివ్వుమంటాయి, పెదవుల చుట్టూ తిమ్మిరి పడుతుంది, తల తేలికవుతుంది, కొందరికి ఏడుపు కూడా వస్తుంది. ‘శక్తి మేల్కొంటోంది’ అని పక్కనున్న వలంటీరు చెవిలో చెబుతాడు. అంత వేగంగా శ్వాసిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఆ లక్షణాలు అందువల్ల వస్తాయి. దేవుణ్ణి బొత్తిగా నమ్మనివాడికీ వస్తాయి. ఈ మాట చెబితే శిబిరాన్ని కించపరిచినట్టు కాదు. తిమ్మిరి లెక్క తేలిపోయాక మిగిలేదేమిటో అప్పుడే తెలుస్తుంది. సోమవారం ఉదయం మారతహళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నోటివెంట ఏ మాట వచ్చింది? ఆలస్యంగా వచ్చిన పనిమనిషితో ఎలా మాట్లాడాం? మార్పు ఉంటే అక్కడ ఉండాలి.

సంశయం సాధనకు విఘ్నమని యోగసూత్రాలు కూడా చెప్పాయి కదా అని పండితులు గుర్తుచేస్తారు. చెప్పాయి, మొదటి పాదం 30వ సూత్రంలో. వ్యాధి, సోమరితనంతో పాటు సంశయాన్నీ లెక్కపెట్టాయి. అదే సూత్రంలో, అదే వరుసలో ‘భ్రాంతిదర్శనం’ కూడా ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు చూడటం కూడా అంతే పెద్ద విఘ్నమని పతంజలి తీర్పు. చూసినదాన్ని అడగకుండా ఆ భ్రాంతి ఎలా పోతుంది? ప్రవచనకారులు ఒక విఘ్నం గురించి గంటలు గంటలు మాట్లాడి రెండోదాన్ని దాటేస్తున్నారు. నా కోపమంతా దీని మీదే.

ఇక్కడికి మూడు నాలుగు గంటల దూరంలోని మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. తన మాటనూ నమ్మవద్దని, పరిశీలించమని జీవితమంతా చెప్పాడు. ఆయన అభిమానుల్లో కూడా ‘కృష్ణాజీ ఇలా అన్నారు’ అనడంతో చర్చ ముగించేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

మన అలవాటు అంత లోతైనది. ఈ మధ్య వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ హాలులో తెలుగు ప్రవచనం జరిగింది. చివర్లో ప్రశ్నలు చీటీల మీద రాసిమ్మన్నారు. నిర్వాహకుడు వాటిని ముందుగా చదివి, కొన్ని వేరు చేసి, మూడు నాలుగు వేదిక మీదికి పంపాడు. ‘స్వామీజీ, మీకు ఇంత ప్రశాంతత ఎలా అబ్బింది?’ అన్నది ఒకటి. నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఐటీ ఉద్యోగి, సభ ముగిశాక నెమ్మదిగా ‘నాది చదవలేదండీ’ అంది. ఏమడిగావమ్మా అన్నాను. ‘ఏడాదిగా జపం చేస్తున్నాను, కోపం తగ్గలేదు. లోపం జపంలో ఉందా, నాలో ఉందా అని రాశాను.’ ఆ సాయంత్రం హాలులో అంతకన్నా నిజాయితీగల సాధకురాలు మరొకరు లేరు. అలాంటి ప్రశ్న కోసం గురువు ఎదురుచూడాలి!

నిర్వాహకుణ్ణి ఒక్కడినే తప్పుపట్టలేను. బెంగళూరు టెక్ పార్కుల్లో పనిచేసే మన పిల్లల్లో ఎంతోమంది రెండు తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ కాలేజీల నుంచి వచ్చినవాళ్లు. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం చివర పరీక్ష, గోడ మీద ర్యాంకుల పట్టిక. ‘ఈ సూత్రం ఎందుకిలా ఉంది సార్?’ అని అడిగిన పిల్లవాడికి వచ్చే జవాబు ‘అది పరీక్షలో రాదు’. పదహారు, పదిహేడేళ్ల వయసులో, మనసు ప్రశ్నలతో పొంగే కాలంలో, రెండేళ్లపాటు ప్రశ్నను మింగడం నేర్పుతున్నాం. లక్షలు కట్టి మరీ నేర్పిస్తున్నాం. ఆ పిల్లలే పదేళ్ల తర్వాత శిబిరాల్లో బుద్ధిగా నోటు పుస్తకాలు తెరుచుకుని కూర్చుంటారు. గురువు చెప్పినదంతా రాసుకుంటారు. అడగాలని వాళ్లకు తోచదు. మూఢభక్తికి వేరు ఆ తరగతి గదిలో ఉంది. గురువులను తిట్టి లాభం లేదు. శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో 1976లోనే చేర్చుకున్నాం. ఫిజిక్స్ పీరియడ్‌లో ‘ఎందుకు’ అనడానికి వీల్లేని పిల్లవాడు ఆ విధిని గుడిలో ఎలా నెరవేరుస్తాడు?

కార్తీకమాసపు ప్రవచనాలకు హాలు కావాలని మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఇప్పటికే విన్నపాలు వస్తున్నాయి. కమిటీ ముందు నేను ఒకే షరతు పెట్టాను: గంటసేపు ప్రసంగమైతే అరగంట శ్రోతల చేతికి మైకు, చీటీలు వద్దు. దీనికి ఒప్పుకోని వక్తను, ఎంత పేరున్నవారైనా, పిలవకూడదు. పెద్దలను అవమానించినట్టవుతుందని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. వచ్చే ఆదివారం సమావేశంలో మళ్లీ అడుగుతాను.