డిశ్చార్జి కాగితంలో ఒక్క బొమ్మ లేదు

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగిన అయిదవ రోజున ఆసుపత్రి వారు నాలుగు పేజీల డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి మమ్మల్ని ఇంటికి పంపారు. చంకలోని గ్రంథులు ఎన్ని తీశారో, ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో అంతా అందులో ఇంగ్లీషులో ఉంది గాని, కోత చోట చేరే ద్రవాన్ని బయటికి లాగడానికి ఆమె ఒంటికి వేలాడుతున్న డ్రెయిన్ గొట్టాన్నీ, దాని చివర ఆ ద్రవం చేరే మెత్తని బల్బునూ రోజూ ఏం చేయాలో చూపే బొమ్మ ఒక్కటీ లేదు. నర్సమ్మ చెప్పలేదని అనను. చెప్పింది, బిల్లు కౌంటరులో మా పేరు పిలుస్తుండగా, రెండే రెండు నిమిషాలలో.

ఆ రాత్రి బల్బు ఖాళీ చేసి, మూత పెట్టి, పని సరిగ్గా చేశామనే నమ్మకంతో పడుకున్నాము. తెల్లవారేసరికి బల్బు ఉబ్బి ఉంది, అందులోకి ఒక్క చుక్క రాలేదు. బల్బును పిడికిలిలో నొక్కి గాలి పోగొట్టి, ఆ పట్టు వదలకుండానే మూత బిగించాలని, అది మళ్ళీ విచ్చుకోబోవడం వల్లనే లోపలి ద్రవం బయటికి లాగబడుతుందని మాకు తెలియదు. మాటల్లో ఇంత పొడుగైన ఈ సంగతి బొమ్మల్లో మూడు గడులకు మించదు. చాలాచోట్ల 24 గంటలలో వచ్చే ద్రవం 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గితే గాని డ్రెయిన్ తీయరు. అమ్మ మాత్రం పుస్తకంలో "సగం", "పావు" అని రాసుకుంటూ వచ్చింది.

1998లో అమెరికాలో పీటర్ హౌట్స్ బృందం ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, జ్వరానికీ నోటిపూతకూ తీసుకోవలసిన జాగ్రత్తలు వినిపించినప్పుడు, బొమ్మల తోడున్న సూచనలలో 85 శాతం, లేనివాటిలో 14 శాతం గుర్తుకు వచ్చాయి. పాల్గొన్నది 21 మంది కళాశాల విద్యార్థులే. పైగా తిరిగి చెప్పేటప్పుడు కూడా బొమ్మలు వారి ఎదుటే ఉన్నాయి. దీన్ని లోపమని ఎవరైనా అనవచ్చు గాని, నాకు అదే అసలు సంగతిగా కనిపిస్తుంది. రోగికి మనం పరీక్ష పెట్టడం లేదు కదా, అర్ధరాత్రి బల్బు ఉబ్బినప్పుడు గోడ మీది బొమ్మ కూడా ఎదుటే ఉంటుంది.

అయితే ఏ బొమ్మ పడితే ఆ బొమ్మ పనికిరాదు. చేతి వ్యాయామాలకని తరువాత మాకిచ్చిన కరపత్రంలో బిగుతు దుస్తుల విదేశీ యువతి అద్దం ముందు నిలబడి ఉంది; దాన్ని చూసి అమ్మ నవ్వి పక్కన పెట్టింది. చీర కట్టుకున్న అరవై ఏళ్ళ మనిషి గోడ మీద వేళ్ళు పాకించుకుంటూ పైకి పోతున్నట్టు, నిన్న అందిన ఎత్తు దగ్గర బొగ్గుతో గీత గీసినట్టు వేసి ఉంటే ఆమె ఆ రోజే మొదలుపెట్టేది. గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాస్తే తొలి గుర్తులలో ఒకటి గాజులు బిగియడమని ఆ బొమ్మలోనే చూపవచ్చు.

పెద్దపేగు క్యాన్సరుకు కోత జరిగి, మలం బయటికి పోవడానికి పొట్ట మీద స్టోమా అనే ద్వారం పెట్టించుకున్నవారి సంగతి ఇంకా కష్టం. ఆరోగ్యంగా ఉన్న స్టోమా పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. అది ఊదాగానో నల్లగానో మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ తేడాను నలుపు తెలుపు జిరాక్సు కాగితం మీద ఎలా నేర్పుతారో నాకు అర్థం కాదు. రంగుల ముద్రణకు ఖర్చవుతుందని అంటారు గాని, లక్షల ఖర్చుతో చేసే శస్త్రచికిత్సకు పక్కన అదొక ఖర్చా?

రద్దీలో నర్సులకు తీరిక లేదన్న మాట నిజమే, వారి మీద నాకు కోపం లేదు. అందుకే నేను అడిగేది పెద్ద ఏర్పాటు కాదు. డిశ్చార్జికి ముందు రోజు, ఇంట్లో చూసుకోబోయే మనిషి చేతనే ఒకసారి డ్రెయిన్ ఖాళీ చేయించి, రోగి ఒప్పుకుంటే దాన్ని వారి ఫోనులోనే వీడియో తీయనివ్వాలి. అందులో కనిపించేది ఆ రోగి గొట్టమే, చేసేది ఆ ఇంటి మనిషి చేతులే, వినిపించేది నర్సమ్మ తెలుగే.